హెచ్‌ఎమ్ ప్రమోషన్‌కి మూడోసారి కూడా నాట్ విల్లింగ్ ఇచ్చీయాలనిపిస్తోంది, అసలు కారణం ఎవరికీ చెప్పలేకపోతున్నాను

చంపావతి_ఒడ్డు (విజయనగరం జిల్లా)

అందరికీ నమస్కారం. రెండు రోజుల నుంచి టైప్ చేస్తున్నాను, చెరిపేస్తున్నాను. ఈసారి చెరపకుండా పెట్టీస్తున్నాను, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

నేను జడ్పీ హైస్కూల్లో బయాలజీ స్కూల్ అసిస్టెంటుని. సర్వీసు 17 ఏళ్లు దాటింది. హెచ్‌ఎమ్ సీనియారిటీ లిస్టులో నా పేరు మళ్లీ వచ్చింది, ఇది మూడోసారి. ముందు రెండుసార్లూ నాట్ విల్లింగ్ రాసి ఇచ్చీసాను. ఎందుకు అని అడిగినవాళ్లకి పిల్లల చదువు, అత్తగారి ఆరోగ్యం, దూరం అని చెప్పాను. అవి అబద్ధాలు కావు గానీ వాటివల్ల మాత్రం నేను ఆగలేదు.

అసలు సంగతి ఏటంటే ఎవరైనా మగమనిషి గొంతు పెంచితే నా నోట్లోంచి మాట రాదు. వచ్చినా "సరేనండి" అన్న మాటే వస్తుంది.

మూడేళ్ల కిందట మా హెచ్‌ఎమ్ గారు రిటైరైతే నాలుగు నెలలు ఎఫ్‌ఏసీ చేశాను, అంటే నా పనితోపాటు హెచ్‌ఎమ్ బాధ్యతలూ చూశాను. పని దగ్గర నాకు ఏ ఇబ్బందీ లేదు, మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో ఫోటోలు, టెన్త్ నామినల్ రోల్స్, కాంప్లెక్స్ మీటింగులు అన్నీ టైముకి అయిపోయేవి, ఇంకా చెప్పాలంటే అవసరానికి మించి చేసేదాన్ని, రిజిస్టర్లు ఇంటికి తెచ్చుకుని రాత్రి పదకొండుకి మళ్లీ కూడికలు చూసుకునేదాన్ని, ఎక్కడ తప్పు దొరుకుతుందో ఎవరు అరుస్తారో అని. ఎవరికీ ఏ పనీ అప్పగించేదాన్ని కాదు. స్టాఫ్ అందరూ మేడమ్ భలే చేస్తున్నారు అనేవాళ్లు.

ఒకరోజు ఊళ్లో ఒక పెద్దాయన వచ్చి, వాళ్లింట్లో పెళ్లికి స్కూల్ గ్రౌండ్ కావాలన్నాడు. ఆయన చెప్పిన రోజు టెన్త్ ప్రీఫైనల్ ఉంది. ఆయన తిట్టలేదు, బెదిరించలేదు, బల్ల మీద అరచేత్తో ఒక్కసారి కొట్టి "ఇస్తారా ఇవ్వరా" అన్నాడు, అంతే. ఆ మాట పూర్తవకముందే నేను సరేనండి అనీసాను. ఆయన వెళ్లాక స్టాఫ్ బాత్రూంలో తలుపేసుకుని నిలబడ్డాను, చేతుల వణుకు ఎంతసేపటికీ తగ్గలేదు. పిల్లలు మైక్‌సెట్టు మోతలో ఫిజికల్ సైన్స్ రాశారు. వాళ్ల మొహాలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

మా నాన్న తాగేవారు. నేను ఆరో క్లాసులో ఉన్నప్పటి నుంచి డిగ్రీ అయ్యేవరకు అదే. గేటు గడియ తీసిన చప్పుడు బట్టి ఆ రాత్రి ఎలా ఉండబోతోందో నాకూ మా చెల్లికీ తెలిసిపోయేది. మెల్లిగా తీస్తే తినేసి పడుకుంటారు. గడియ విసిరేస్తే మాత్రం లోపలికొచ్చి అన్నం బల్ల మీద అరచేత్తో కొట్టేవారు, ఆ తర్వాత అమ్మని. నేను మధ్యలోకి వెళ్లి "సరే నాన్నా, సరే నాన్నా" అంటూ ఉంటే ఒక్కోసారి ఆగేవారు.

ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఇంట్లో ఎత్తితే పోయినాయన గురించి ఇప్పుడు ఏటమ్మా అంటారు. మా ఆయనకి సగమే తెలుసు.

నా ప్రశ్న ఒకటే. ఇది అప్పటి దెబ్బ వల్లేనా, లేక నేను అసలు పై పోస్టుకి పనికిరాని మనిషినా? ట్రామా అనే మాట నాకు వాడుకోవాలన్నా మొహమాటంగా ఉంది, నా ఒంటి మీద ఒక్క దెబ్బ కూడా పడలేదు. ఆడవాళ్లెవరైనా ఇలాంటివి దాటి పై పోస్టులో కూర్చున్నవాళ్లుంటే చెప్పండి.

బొబ్బిలి_బయో

మేడమ్, నేనూ స్కూల్ అసిస్టెంటునే. మా ప్రమోషన్ కౌన్సెలింగ్‌లో మా బ్యాచ్ ఆడవాళ్లం ఆరుగురం ఉంటే నలుగురం నాట్ విల్లింగ్ ఇచ్చాం. నాది నిజంగానే దూరం, రోజుకి రెండు బస్సులు మారాలి. మిగతా ముగ్గురూ కూడా దూరమే రాశారు. మీ పోస్టు చదివాక ఆ ముగ్గురివీ నిజమైన కారణాలేనా అనిపిస్తోంది. మనకి కాగితం మీద రాయడానికి ఉన్న కారణాలు పిల్లలు, అత్తమామలు, దూరం, అంతే కదా. ఇంకోటి రాస్తే ఎవరు తీసుకుంటారు.

చీపురుపల్లి_మాస్టారు

అమ్మా, నేను రిటైర్డ్ హెచ్‌ఎమ్‌ని, 12 ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను. నా మాట కొంచెం కటువుగా ఉంటే మన్నించు. మా రోజుల్లో తాగని తండ్రి ఉన్న ఇల్లు వీధికి ఎన్నో లెక్కపెట్టుకోవచ్చు. ప్రతిదానికీ ఇప్పుడు ట్రామా అని పేరు పెడితే మనిషి అక్కడే కూర్చుండిపోతాడని నా భయం. కుర్చీలో కూర్చుంటే ధైర్యం అదే వస్తుంది, నాకూ మొదటి ఏడాది కాళ్లు వణికాయి.

ఇక పని సంగతి. గ్రౌండ్ ఇవ్వడం ఇవ్వకపోవడం నువ్వొక్కదానివి చెప్పాల్సిన విషయం కానే కాదు. "అర్జీ రాసి ఇవ్వండి, కమిటీలో పెట్టి చెప్తాను" అనాలి. నేను 12 ఏళ్లు అదే అన్నాను. సగం మంది అర్జీ రాయడానికే బద్ధకించి మళ్లీ రారు. వచ్చినవాళ్లకి జవాబు నీ నోటితో కాదు, తీర్మానం పుస్తకం చెప్తుంది. ఎవరైనా గొంతు పెంచుతారని తెలిస్తే అటెండరుని ఏదో ఫైలు పట్టుకుని గదిలోనే నిలబడమనేవాడిని. మగవాడినైన నేనే అలా చేశాను, అందులో నామోషీ ఏమీ లేదు.

గంటస్తంభం_దగ్గర

నేను సైకాలజీ చదివి విజయనగరంలో కౌన్సెలింగ్ చేస్తున్నాను. మేడమ్, మిమ్మల్ని చూడకుండా మీకున్నది ఫలానా అని పేరు పెట్టలేను, అది తప్పు. కానీ మీరడిగిన ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పగలను, కొంచెం పొడుగవుతుంది.

ముందు మాస్టారు గారికి. వీధి నిండా ఉంది కాబట్టి అది దెబ్బ కాదు అనడానికి లేదు సార్. ఉద్దానంలో వీధికి ఎన్నో కిడ్నీ జబ్బులు ఉన్నాయని అది జబ్బు కాకుండా పోయిందా. మీకు వణుకు మొదటి ఏడాదిలో తగ్గింది, ఎందుకంటే అది కొత్త పని భయం, పని అలవాటైతే పోతుంది. ఈవిడకి పని ఎప్పుడో అలవాటైంది, నాలుగు నెలలు నడిపి చూపించారు. పోనిది వేరే భయం. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. మీరు చెప్పిన అర్జీ ఉపాయం మాత్రం చాలా మంచిది, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

మెదడులో అమిగ్డాలా అని బాదంగింజంత భాగం ఉంటుంది. ప్రమాదం వాసన పట్టడం దాని పని. మనం ఆలోచించే ముందుభాగం ఇంకా సంగతేమిటా అని చూస్తుండగానే అది గుండె వేగం పెంచి ఒంటిని సిద్ధం చేసేస్తుంది. తిరగబడడం, పారిపోవడం అందరికీ తెలిసినవే, మూడోది కొయ్యబారిపోవడం. చిన్నపిల్ల తిరగబడలేదు, రాత్రిపూట ఇల్లు వదిలి పారిపోనూలేదు, కాబట్టి ఎదుటి మనిషిని చల్లబరచడం నేర్చుకుంటుంది. మీ "సరే నాన్నా" అదే. అది పిరికితనం కాదండీ. ఆ వయసులో ఆ ఇంట్లో మీ చేతిలో ఉన్న ఒకే ఒక్క పనిముట్టు అది, కొన్ని రాత్రులు పని చేసింది కూడా. బల్ల చప్పుడు అదే, అరచెయ్యి అదే, అందుకని మాట కూడా అదే బయటికొచ్చింది.

ఒంటి మీద దెబ్బ పడలేదన్నారు. అమెరికాలో కాలిఫోర్నియాలో 1990ల్లో మొత్తం 17 వేల మందికి పైగా పెద్దవాళ్లని చిన్నప్పుడు ఇంట్లో ఏం జరిగిందని అడిగి చేసిన పెద్ద స్టడీ ఒకటుంది, మొదటి పేపరు 1998లో వచ్చింది. అందులో అమ్మని కొట్టడం ఒక అంశం, ఇంట్లో తాగుడు ఇంకో అంశం. అంటే చూస్తూ పెరగడం కూడా లెక్కలోకి వచ్చింది. ఆ జనం ఉద్యోగాల సంగతి మీద 2004లో ఇంకో పేపరు వచ్చింది, చిన్నప్పుడు ఇలాంటివి ఎన్ని రకాలు ఎక్కువ ఉంటే పెద్దయ్యాక పనిలో ఇబ్బందులు, డబ్బు ఇబ్బందులు, సెలవులు అంత ఎక్కువ కనిపించాయి. ఇది వేలమంది గుంపు లెక్క, మీ ఒక్కరి జాతకం కాదు. మీరు 17 ఏళ్లు నిలబడి పాఠం చెప్పారు, అదీ లెక్కే.

మన దగ్గర 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 10 మందిలో ముగ్గురు భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు. ఆ ఇళ్లల్లో గడియ చప్పుడు వింటూ పెరిగిన ఆడపిల్లలు ఎంతమంది ఇప్పుడు టీచర్లు, ఏఎన్ఎంలు, బ్యాంకు ఉద్యోగులు అయ్యుంటారో ఆలోచించండి. వాళ్లలో కొందరు పై పోస్టుకి అప్లై చెయ్యరు. కొందరు చేస్తారు గానీ మీలాగే ఒక్క కాగితం కూడా ఇంకొకరికి వదలరు, అర్ధరాత్రి దాకా కూర్చుంటారు, బయటికి అది నిబద్ధతలా కనిపిస్తుంది, లోపల మాత్రం అది కాపలా. ఎవరి మొహం ఎలా ఉందో గది గుమ్మం దగ్గరే చదివేస్తారు. అది మంచి లీడరు గుణమే గానీ రోజంతా అదే పనైతే ఒళ్లు ఎన్నాళ్లు మోస్తుంది? పదేళ్లకి బీపీ, నిద్ర పట్టకపోవడం, అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్తారు, అదీ గుండెదడ అని.

ట్రామా అనే మాట పెద్దదనుకుంటున్నారు. 1980లో పీటీఎస్‌డీ (పెద్ద భయం తర్వాత మనసుని వదలని జబ్బు) అనే పేరు అమెరికా డాక్టర్ల పుస్తకంలోకి ఎక్కినప్పుడు అందరి మనసులో ఉన్నది వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికులే. ఏళ్ల తరబడి ఇంట్లోనే నడిచే భయం వేరే రకంగా మనిషిని మలుస్తుందని చాలా ఆలస్యంగా ఒప్పుకున్నారు, 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని విడిగా పెట్టారు. మీకు అది ఉందని అనట్లేదు. యుద్ధానికి వెళ్లినవాళ్లకే ఈ మాట చెల్లుతుందని అనుకోకండి, అంతవరకే.

ఇప్పుడు మాస్టారి అర్జీ. అది ఎందుకు పని చేస్తుందంటే మీకు టైమ్ దొరుకుతుంది. ఒళ్లు ఉలిక్కిపడ్డాక ఆలోచించే భాగం మళ్లీ తేరుకోవడానికి కాస్త వ్యవధి కావాలి. ఆ కాస్త వ్యవధిలో మీరు ఒప్పుకోకుండా, కాదనకుండా ఉండగలిగితే చాలు. కాబట్టి "కుదరదు" అనడం ప్రాక్టీస్ చెయ్యకండి, అది ఇప్పుడే రాదు. "అర్జీ ఇవ్వండి" అనే మాటని పైకి అంటూ వందసార్లు అలవాటు చేసుకోండి, మీ వాళ్లెవరినైనా బల్ల మీద కొట్టమని, అప్పుడు అనండి. మొదట మెల్లిగా కొట్టమనండి. ఒళ్లు బాగా వణికితే ఆపేయండి, పంతం పట్టొద్దు.

దీనికి చికిత్స ఉంది. ట్రామా మీద పెట్టి చేసే సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మాటల ద్వారా మార్చేది), ఈఎండీఆర్ (పాత జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లు అటూఇటూ కదిలించి చేసేది) అని రెండు రకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నుంచీ సిఫార్సు చేస్తోంది. ఎవరితో మొదలుపెట్టాలో తెలీకపోతే 14416, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైన్, ఏ టైములోనైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఇప్పుడు కూడా హింస జరుగుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి చెయ్యండి.

ఒక్క మాట, ప్రమోషన్ తీసుకోవడాన్ని బాగయ్యానా లేదా అనేదానికి పరీక్షగా పెట్టుకోకండి. ఈసారి తీసుకోకపోయినా మీరు ఓడిపోయినట్టు కాదు. కానీ కారణం మీకు తెలిసి తీసుకోకపోవడం వేరు.

పైడిభీమవరం_షిఫ్ట్

అక్కా నాది ఇంకో రకం. మొదటి ఉద్యోగం ఒక ప్రైవేట్ కంపెనీలో, ల్యాబ్‌లో, అప్పుడు నా వయసు 22. పైన ఉన్నాయన రివ్యూ అని చెప్పి ఒక్కదాన్నే గదిలోకి పిలిచేవాడు. వివరాలు రాయను. ఆరు నెలలకి చెప్పకుండా మానేశాను, రిలీవింగ్ లెటర్ కూడా తీసుకోలేదు, నాలుగేళ్లు ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు వేరే చోట చేస్తున్నాను. నా జూనియర్లు ఇద్దరు నా పైకి వెళ్లిపోయారు ఎందుకంటే టీమ్ లీడ్ అయితే ప్రతి నెలా మేనేజరు గదిలో ఒంటరిగా రివ్యూ ఉంటుంది, అది తెలిసి నేను ఇంటర్వ్యూకే వెళ్లలేదు. రెజ్యూమెలో ఆ నాలుగేళ్ల గ్యాప్ గురించి అడిగిన ప్రతిసారీ హెల్త్ అని చెప్తాను.

అప్పుడు నాకు తెలీదు, పది మంది లేదా అంతకన్నా ఎక్కువ పనిచేసే ఏ చోటైనా కంప్లైంట్ కమిటీ ఉండాలని పనిచోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులకి వ్యతిరేకంగా వచ్చిన 2013 చట్టంలోనే ఉంది, చిన్న చోట్లకి జిల్లాలో లోకల్ కమిటీ ఉండాలి. కంప్లైంట్ మూడు నెలల్లోపు ఇవ్వాలి, సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. నాకు జరిగింది నోటితో చెప్పడానికే రెండేళ్లు పట్టింది అక్కా. మూడు నెలలు అని ఎవరు లెక్కపెట్టారో తెలీదు.

ఈ సంవత్సరం మా లేడీ హెచ్ఆర్‌కి అసలు సంగతి చెప్పకుండా ఒక్కటే అడిగాను, రివ్యూ గాజు గదిలో పెట్టొచ్చా అని. వెంటనే సరే అన్నారు, కారణం అడగలేదు. ఇన్నాళ్లూ అడగనే లేదు నేను.

ఉద్దానం_జీడితోట

నమస్కారమమ్మా. నాను సెప్తుంటే మా పాప టైప్ సేస్తంది. నాను పదో తరగతి తప్పినదాన్ని, మా ఊరి విఓకి, అంటే ఊళ్లో ఆడోళ్ల పొదుపు గ్రూపులన్నీ కలిసిన సంఘానికి, ప్రెసిడెంటుగా సేసినాను, అంతకుముందు గ్రూపులో మొదటి లీడరుని.

మా ఆయన తాగీసి వొచ్చి కొట్టీవోడు. పొదుపు డబ్బులు ఎక్కడ పెట్టినావని పుస్తకాలు సింపీసినాడు ఒకసారి. నాను బేంకుకెల్తే మేనేజరు బాబు ఏటమ్మా అని మామూలుగా అడిగినా నాకు ఏడుపొచ్చీది. రెండో లీడరే మాట్లాడీది, నాను పక్కన సంతకం పెట్టీదాన్ని. అదొక రకం.

ఇంకో రకం ఎవులూ రాయలేదు, అందుకే సెప్తన్నాను. 2018లో తిత్లీ తుపాను వొచ్చినాది కదా, అక్టోబరు 11న, మా జీడి కొబ్బరి అంతా పడిపోయినాది, ముప్పై ఏళ్ల సెట్లమ్మా, ఒక్క రాత్రికి. కరెంటు లేదు, నీలు లేవు. సాయం లిస్టు రాయడానికి విఓలో కూకుంటే అందరూ ఒకేసారి మీద పడినారు. అప్పుడు నాకు నోరొచ్చినాది. నోరంటే ఏటనుకున్నావు, మా ఆయన నోరు. ఆయన ఏ మాటలు అనీవోడో అవే మాటలు నా నోటంట వొచ్చినాయి. ఒక ముసలామెని, పేరు రాలేదని అడిగినందుకు, అందరి ముందల తిట్టీసినాను. ఆ మనిషి మరి మీటింగుకి రాలేదు. తరవాత కూడా నాను అలగే అరుస్తుండీదాన్ని, అందరూ గట్టి లీడరు అనీవోరు, నాను కూడా అదే లీడరితనం అనుకున్నాను. మా పాప ఒకరోజు "అమ్మా నువ్వు నాన్నలాగ అరుస్తున్నావు" అన్నాది. ఆ రోజు నాను అన్నం తినలేదు.

ఆ ముసలామె ఇంటికెల్లి కాళ్లు పట్టుకున్నాను. ఆవిడ ఏమన్లేదు, పక్కన కూకోబెట్టుకుంది. అప్పటికాడ్నించి మా రెండో లీడరుని నా పక్కనే కూకోమన్నాను, నా గొంతు పెరిగితే నా మోకాలు మీద సెయ్యెయ్యమన్నాను. సెయ్యి పడగానే నాను ఆపీసి మంచినీలు తాగుతాను. ఇప్పటికీ అంతే. నీకు మాట రాకపోడం, నాకు మాట ఎక్కువైపోడం, రెండూ ఒక్క సెట్టు కాయలే తల్లీ.

మా మీటింగులో అందరం గుండ్రంగా కింద కూకుంటాం, బల్ల ఉండదు. నీ గదిలో ఆ బల్ల ఎందుకమ్మా, గోడకి జరిపీ. కుర్చీలు ఎదురుగా ఏసుకో. బల్ల లేకపోతే ఆడు దేన్ని కొడతాడు?

చంపావతి_ఒడ్డు

అందరికీ ఒకేసారి రాస్తున్నాను. ఉద్దానం అక్కా, మీ రిప్లై స్టాఫ్ రూంలో చదివాను, బెల్లు కొట్టినా లేవలేకపోయాను. బల్ల జరిపీమన్నారు కదా, నాకు 17 ఏళ్లలో ఆ ఆలోచన రాలేదు. మీరు రాసిన రెండో రకం గురించి కూడా ఆలోచించాను. నేను పిల్లల్ని ఎప్పుడూ అరవను గానీ నా కింద పని చేసినవాళ్లని నమ్మలేదు. ఒక కొత్త టీచరు మధ్యాహ్న భోజనం లెక్కలు నేను చూస్తాను మేడమ్ అంటే వద్దనీసాను, ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది. అది కూడా ఒక దెబ్బే, నేను వేసింది.

పైడిభీమవరం చెల్లీ, గాజు గది అడగడానికి నీకు ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు.

మాస్టారూ, మీ మాటకి నొచ్చుకోలేదు. అర్జీ వాక్యం రాసుకున్నాను. నిన్న రాత్రి మా ఆయనకి మిగతా సగం కూడా చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత బల్ల మీద నేను కొట్టలేను, నావల్ల కాదు అన్నారు. అందుకని మా చెల్లికి ఫోన్ చేశాను, ఆదివారం వస్తానంది. గడియ చప్పుడు తనకీ ఇంకా వినపడుతుందట. ఇన్నేళ్లలో ఇద్దరం ఒక్కసారి కూడా దాని గురించి మాట్లాడుకోలేదు.

14416కి కూడా చేశాను. మొదటిసారి రింగవగానే పెట్టీసాను. రెండోసారి పది నిమిషాలు మాట్లాడాను. మంగళవారం మళ్లీ చేస్తానన్నాను. ప్రమోషన్ కౌన్సెలింగ్ గురువారం. విల్లింగ్ రాస్తానో లేదో ఇంకా తెలీదు, కానీ ఈసారి నాట్ విల్లింగ్ రాస్తే కింద దూరం అని మాత్రం రాయను.

చీపురుపల్లి_మాస్టారు

గురువారం వెళ్లేముందు సీనియారిటీ లిస్టులో నీ పుట్టినతేదీ, జాయినింగ్ తేదీ ఒకసారి సరిచూసుకో అమ్మా, సర్వీస్ రిజిస్టర్ జిరాక్సు పట్టుకెళ్లు. ఉద్దానం తల్లీ, బల్ల గోడకి జరపడం నాకు 12 ఏళ్లలో తట్టలేదు.

ఉద్దానం_జీడితోట

ఆదివారం మీ సెల్లి వొచ్చినాక ఎలగైనాదో సెప్పమ్మా. పాప సాయంత్రం నాకు సదివి పెడతాది.